పోలి పక్కకి నడిచిన పొద్దు

ఒకప్పుడు, ఎవరో ఒకరు గీసి చూపిస్తే తప్ప సముద్రానికి తన హద్దు తెలియని రోజుల్లో, పీతలు తిన్నగా నడిచేవి. చీమ నడిచినట్టు, మేక నడిచినట్టు, ముఖం ఎటుంటే అటే నడిచేవి.

అదీ మామూలు తిన్నన కాదు. రెండు గుంజల మధ్య తాడు లాగి కట్టినట్టు ఉండేది వాటి నడక. అందుకే సముద్రానికి హద్దు గీసే పని పీతలకి దక్కింది.

ఒడ్డున అందరూ సముద్రాన్ని మావ అని పిలిచేవారు. పున్నమి వచ్చిందంటే సముద్రం మావకి ఒళ్ళు పొంగిపోయేది. "ఎంతవరకు రమ్మంటారు? తొరగా చెప్పండి, నాకు ఆగదు!" అని అరుస్తూ ఒడ్డుమీదికి ఎగబడేవాడు. అతను వచ్చేలోపే ఒక పీత బయల్దేరేది. ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదలుపెట్టి, చిటికెడు తడి ఇసుక తీసి, ఉండ చేసి, కింద పెట్టి, ఒక అడుగు వేసేది. మళ్ళీ ఉండ, మళ్ళీ అడుగు. అలా ఒడ్డుకి ఆ చివరనున్న నల్లబండ దాకా మినపగింజలు పేర్చినట్టు ఒకటే వరస. మావ ఉరుకుతూ వచ్చి, ఆ వరసని చూసి, "సరే, ఇక్కడికే" అని ఆగిపోయేవాడు.

కట్టుబాట్లు రెండే. వేసిన అడుగు వెనక్కి పెట్టకూడదు. పెట్టిన ఉండని మళ్ళీ కదపకూడదు. గీత ఎలా పడితే అలాగే చెల్లుతుంది. వంకరగా పడితే సముద్రం వంకరగానే వస్తాడు.

ఆ ఒడ్డున పీతలు వేలకి వేలు ఉండేవి. కానీ పోలి నడకకి సాటి వచ్చే నడక ఇంకోటి లేదు. పోలి అంటే ఎర్రటి వీపు, నల్లటి కళ్ళు, మాటలో కాస్త టెక్కు ఉన్న పడుచు పీత. "పోలీ, గీత వంకర పోతుందేమోనే" అని ఎవరైనా అంటే, "నేను కళ్ళు మూసుకుని గీస్తాను, నువ్వు కళ్ళు తెరుచుకుని వంకర చూపించు చూద్దాం" అనేది. అన్నట్టే గీసేది కూడా. ఎవరూ ఏమీ అనలేకపోయేవారు.

ఆ నడక చూసే తాబేలత్త ఆ ఒడ్డుకొచ్చింది. ఎక్కడెక్కడో తిరిగి, ఎన్ని ఒడ్లో చూసి, చివరికి నల్లబండకి ఇవతల, గీతకి మూరెడు వెనకాల గుంట తవ్వి నూట పదహారు గుడ్లు పెట్టింది. వాటిమీద ఇసుక కప్పి, పొట్టతో అదిమి, పోలిని పిలిచింది.

"చూడమ్మా పోలీ, నేను నీళ్ళలోకి పోవాలి. గట్టుమీద నాకు ఊపిరాడదు. ఈ పున్నమి కాక, పై పున్నమి అయిన మూడో రోజుకి పిల్లలు బయటికొస్తారు. ఈలోపు ఉప్పునీళ్ళు తగిలాయో, అన్నీ కుళ్ళిపోతాయి. నీ గీతని నమ్ముకుని పెట్టాను."

"అత్తా, నువ్వు నిశ్చింతగా పోయి నాచు మేసుకో. నీ పిల్లలు నా గీత దాటి నీ దగ్గరికి రావాల్సిందే తప్ప, నీళ్ళు నా గీత దాటి వాళ్ళ దగ్గరికి రావు" అంది పోలి.

ఆ మాట అన్న మూడో రోజే పున్నమి. ఆ పున్నమికి గీత బ్రహ్మాండంగా పడింది. అంత బాగా పడేసరికి పోలికి ఒళ్ళు తెలియలేదు. దాన్ని ఎదురుగా నిలబడి చూసుకోవాలనిపించింది. గీత దాటి అవతలికి, అంటే నీళ్ళవైపుకి, నాలుగడుగులు వేసి నిలబడింది. "ఆహా, ఏం గీతే పోలీ!" అని తనని తానే మెచ్చుకుంటోంది.

అప్పుడు వెనకనుంచి వచ్చింది కెరటం.

పోలిని ఎత్తింది. తలకిందులు చేసింది. మూడుసార్లు దొర్లించింది. నోటి నిండా ఇసుక కుక్కింది. తీసుకెళ్ళి నల్లబండకేసి కొట్టింది. పోలి లేచి చూసుకునేసరికి ఎడమ పటకారు చేయి లేదు. అవతల సముద్రం మావ ఎప్పటిలాగే పెద్దగా నవ్వుతున్నాడు.

పోలి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆ టెక్కు ఏమవుతుంది? "చేయేదే?" అని అడిగితే, "బండ సందులో ఇరుక్కుంటే నేనే విరుచుకుని వచ్చాను, మళ్ళీ మొలుస్తుందిలే" అంది. అది సగం నిజమే. చేయి మొలిచింది, కాస్త చిన్నగా. కానీ ఆ రోజునుంచి పోలి డిప్పలో కొత్తగా ఇద్దరు కాపురం పెట్టారు. ఒకటి భయం, ఒకటి కోపం.

నెల తిరిగి మళ్ళీ పున్నమి దగ్గరపడింది. ముందురోజు పోలి నడక సరిచూసుకుందామని బయల్దేరింది. గట్టుమీద పొడి ఇసుకలో నడిచింది. తాడు లాగినట్టే వచ్చింది. "ఇంకేం, నా నడక నా దగ్గరే ఉంది" అనుకుని నీళ్ళ అంచుకి దిగింది.

రెండడుగులు వేసిందో లేదో, ముందుకాళ్ళు సముద్రం వైపు దూకాయి. వెనక్కాళ్ళు గట్టువైపు లాగాయి. మధ్యకాళ్ళు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. పోలి బొక్కబోర్లా పడింది.

పక్కనే తడి ఇసుకలో పురుగులు ఏరుకుంటున్న ఉల్లంకి పిట్ట కిచకిచా నవ్వింది.

"ఏటి వదినా, పొద్దున్నే కల్లు తాగావా?"

"కాలికింద గవ్వ ఉందిలే."

"గవ్వా? నాకు కనబడలేదే! సన్నటి పురుగే కనబడుద్ది నాకు, గవ్వ కనబడదా?"

"నీ పురుగులు నువ్వు ఏరుకో!" అని కసిరి, పోలి తన బొరియలోకి దూరిపోయింది.

లోపల చీకట్లో కూర్చుని కాళ్ళని నిలదీసింది. "ఏంటర్రా మీకు ఒళ్ళు కొవ్వెక్కిందా? గట్టుమీద బుద్ధిగా నడిచారు. నీళ్ళు చూడగానే ఏమొచ్చింది?"

కాళ్ళు ఎనిమిదీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. చివరికి కుడివైపు ముందుకాలు, అందరిలోకీ పెద్దది, గొంతు సవరించుకుంది. "తల్లీ, మేం నీ మాట వింటాం. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. రేపు తిన్నగా నడవాలి. అంతే!" అని పోలి దాని నోరు మూయించింది. ఆ ఒక్క మాట ఆ రోజే విని ఉంటే, దాని ఇల్లు దానికి మిగిలేది.

పున్నమి తెల్లవారింది. పీతలన్నీ బొరియల అంచున వరసగా కూర్చున్నాయి. నీళ్ళలో కొంచెం లోతున తాబేలత్త తల పైకెత్తి చూస్తోంది. దూరంగా సముద్రం మావ అప్పటికే ఒళ్ళు విరుచుకుంటున్నాడు.

"ఏమే కోడలా, బయల్దేరావా? ఇవాళ నాకు మహా ఊపుగా ఉంది!"

ఆ గొంతు వినగానే పోలి నోట్లో మళ్ళీ ఇసుక పడ్డట్టయింది. అయినా గొంతు పెంచి, "రా మావా రా, నీ హద్దు సిద్ధం" అంది. మొగ దగ్గర మొదటి ఉండ పెట్టింది.

పది ఉండలు బాగానే పడ్డాయి. పదకొండో ఉండకి ఒక చిన్న నురగ పక్కనుంచి వచ్చి కాలికి తగిలింది. అంతే, భయం లోపలనుంచి కేక పెట్టింది: "పారిపో!" కాళ్ళు గట్టువైపు తిరిగిపోయాయి. ఉండలు కూడా కాళ్ళతోపాటే గట్టువైపు పడుతున్నాయి. గీత లోపలికి వంగిపోయింది.

"ఆ వంగిందేమిటే?" అంది ఒక పీత.

పోలికి సిగ్గు ముంచుకొచ్చింది. కళ్ళు రెండూ డిప్పలోకి మడిచేసుకుంది. కళ్ళు మూసుకుని గీస్తానని ఎన్నిసార్లు చెప్పుకుందో కదా! కానీ ఇప్పుడు కళ్ళు మూసుకుంటే హోరు రెండింతలు వినబడింది. ఏ కెరటం ఎంత దూరంలో ఉందో తెలియక, భయం ప్రతి హోరుకీ ఎగిరిపడింది. గీత ఇంకా లోపలికి పోయింది.

కళ్ళు తెరిచి చూసుకునేసరికి ఈసారి కోపం లేచింది. "నా చేయి విరిచి నవ్వినవాడికి భయపడి పారిపోతున్నానా? పద, పొడు!" అంది. కాళ్ళు సముద్రం మీదికి ఉరికాయి. ఉండలు గీతకి అవతల, నీళ్ళ అంచున పడ్డాయి. మావ కాలివేలితో తోసినట్టు ఒక అల వచ్చి వాటిలో ఏడింటిని నాకేసింది. అల చూసి భయం మళ్ళీ కేక. కాళ్ళు మళ్ళీ గట్టుకి.

"వదినోయ్, గీతా అది? జిలేబీ చుట్టినట్టుంది!" అని ఉల్లంకి పిట్ట ఎగురుతూ అరిచింది. పీతలెవరూ నవ్వలేదు.

అప్పటికి పోలి ఒడ్డు సగం దాటింది. నల్లబండ కనబడుతోంది. బండకి ఇవతల ఇసుక కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. దానికింద నూట పదహారు గుడ్లు. మరో రెండు రోజులు ఓపిక పడితే చాలు వాటికి. ఇప్పుడు వేసే వరస ఒక్క మూరెడు గట్టువైపు వంగితే, సముద్రం ఆ గుంటమీదికే వస్తాడు. మావ తప్పు కూడా కాదది. గీత చూపిస్తుంది, అతను వస్తాడు.

నీళ్ళలోనుంచి తాబేలత్త ఏమీ అరవలేదు. ఊరికే చూస్తోంది. అది అరిచినా బాగుండేది.

పోలి ఆగిపోయింది. పెట్టిన ఉండమీద చిన్న చేయి ఆనించి నిలబడింది. కాళ్ళు గడగడా వణుకుతున్నాయి.

"పెద్దకాలూ," అంది మెల్లగా, "నిన్న ఏదో చెప్పబోయావు. చెప్పు."

"చెబుతా తల్లీ. నీకు ముందు ఒక్క మాటే వచ్చేది పైనుంచి. 'నడు' అంటే నడిచేవాళ్ళం. ఇప్పుడు మూడు వస్తున్నాయి. నువ్వు 'నడు' అంటావు. నీ పక్కనుంచి ఒకళ్ళు 'పొడు' అంటారు. ఇంకొకళ్ళు 'పారిపో' అంటారు. అందులోనూ నీ మాటే అన్నిటికంటే చిన్నగా వినబడుతోంది. వాళ్ళిద్దరివీ కేకలు. మేం ఎవరి మాట వినాలి?"

"లోపల ఎవరూ లేరు! నేనొక్కదాన్నే ఉన్నాను!"

"లేరని నువ్వంటావు. మేం వణుకుతున్నాం కదా తల్లీ, ఎవరూ లేకపోతే ఎందుకు వణుకుతాం?"

కాళ్ళకి తెలిసిన సంగతి తనకి తెలియనట్టు నటించడం ఎంతసేపు కుదురుతుంది? అప్పుడది ఆ ఒడ్డున ఏ పీతా చేయని పని చేసింది. నల్లబండ వైపు పెట్టిన ముఖాన్ని తిప్పేసింది. తిప్పి, నేరుగా సముద్రం వైపు నిలబడింది.

"మావా!" అని పిలిచింది. పిలుపు గట్టిగానే వచ్చింది.

"ఏంటే, హద్దు పని వదిలేసి కబుర్లా?"

"ఒక మాట చెప్పాలి. నువ్వంటే నాకు భయం."

బొరియల అంచున పీతలన్నీ ముందుకి వంగాయి.

"కిందటి పున్నమికి గీత దాటి నీవైపుకి వచ్చి నిలబడ్డాను. తప్పు నాదే. నువ్వు నన్ను మూడుసార్లు దొర్లించి బండకేసి కొట్టావు. నా చేయి పోయింది. బండ సందులో ఇరుక్కుందని అందరికీ అబద్ధం చెప్పాను. అప్పటినుంచీ నీ చప్పుడు వింటేనే నాకు కాళ్ళు ఆడవు. నువ్వంటే నాకు కోపం కూడా. నా చేయి విరిగితే నువ్వు నవ్వావు."

సముద్రం మావ లేస్తున్న అలని వెనక్కి లాక్కున్నాడు.

"నేనా? నిన్నా? ఎప్పుడే?"

"ఎప్పుడేమిటి! కిందటి పున్నమికి!"

"నాకు తెలీదే కోడలా! నేను ఎప్పుడూ అలాగే నవ్వుతాను కదా. నా ఒళ్ళు పెద్దది, ఎక్కడ ఎవరు తగిలారో నాకెలా తెలుస్తుంది?"

పోలికి ఒళ్ళు మండిపోయింది. నెల రోజులు నిద్ర లేకుండా చేసినవాడికి ఆ సంగతే తెలియదట! కోపం లోపలనుంచి "పొడు!" అంది. ఎదురుగా ఇంత ఎత్తున లేస్తున్న కెరటాన్ని చూసి భయం "పారిపో!" అంది.

కానీ చిత్రం ఏమిటంటే, ఈసారి ఎవరూ కేకలు పెట్టలేదు. ముఖం సముద్రం వైపే ఉంది కాబట్టి కెరటం ఎక్కడుందో భయానికి కనబడుతోంది. వెనకనుంచి వస్తుందేమోనని అదిరిపడాల్సిన పని లేదు. తిట్టాల్సినవాడు ఎదురుగానే ఉన్నాడు కాబట్టి కోపానికి వెతుక్కోవాల్సిన పనీ లేదు. ఒకటి ముందుకి నెడుతోంది, ఒకటి వెనక్కి లాగుతోంది. ఇద్దరి బలమూ సరిగ్గా సమానం. ఆ రెండింటి మధ్య పోలి అటూ ఇటూ ఊగకుండా, మేకు కొట్టినట్టు నిలబడింది.

కాళ్ళ వణుకు ఆగింది.

"తల్లీ," అంది పెద్దకాలు ఆశ్చర్యంగా, "ఇప్పుడు నీ మాట వినబడుతోంది. ముందుకి దారి లేదు, వెనక్కి దారి లేదు. పక్కకి ఖాళీగా ఉంది. పోదామా?"

"పోదాం" అంది పోలి.

కుడివైపు నాలుగు కాళ్ళు లాగాయి. ఎడమవైపు నాలుగు కాళ్ళు తోశాయి. ముఖం సముద్రం వైపు, నడక నల్లబండ వైపు. చిటికెడు ఇసుక తీయడం, ఉండ చేయడం, తన ముందు పెట్టడం, పక్కకి ఒక అడుగు. ఉండ, అడుగు. ఉండ, అడుగు. ఇదివరకు నడిచినదానికంటే వేగం వచ్చింది. ఇదివరకైతే ఉండ కడుపు కింద పడేది, ఎలా పడిందో తర్వాత చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రతి ఉండా కళ్ళ ఎదుటే పడుతోంది.

"అన్యాయం! అడ్డంగా నడుస్తోంది!" అని ఉల్లంకి పిట్ట రెక్కలు కొట్టుకుంది. "మావా, ఇది చెల్లదు! వాళ్ళ అమ్మా, వాళ్ళ అమ్మమ్మా ఇలా నడిచారా?"

అప్పటికే మావకి పోటు ఎక్కేసింది. ఇక మాటల్లేవు. తెల్లటి నురగ జూలు విదిలించుకుంటూ ఒడ్డంతా ఒక్కసారిగా వచ్చేస్తున్నాడు. పోలి ఆ కెరటం వైపే చూస్తూ, పెద్ద చేయి పైకెత్తి, నల్లబండకి తగిలేలా చివరి ఉండ పెట్టింది.

కెరటం విరిగింది.

మొగ దగ్గర, గీత జిలేబీ చుట్టిన చోట, సముద్రం వంకరగానే లోపలికి దూసుకుపోయాడు. అక్కడే ఉంది పోలి బొరియ. నాలుగు నెలలు తవ్వుకున్న ఇల్లు. ఒక్క గుక్కలో పూడిపోయింది. అక్కడే ఇసుకలో నిలబడి అరుస్తున్న ఉల్లంకి పిట్ట మెడదాకా తడిసి, ఒక చెప్పు పోగొట్టుకున్నవాడిలా కుంటుకుంటూ పరిగెత్తింది.

నల్లబండ దగ్గర, గీత తాడు లాగినట్టు పడిన చోట, నీళ్ళు ఉరికి వచ్చి, పోలి పెట్టిన ఉండలకి వేలెడు దూరంలో నిలబడ్డాయి. నురగ ఒక్కటి ముందుకి జారి, ఉండని తాకబోయి, ఆగి, చిట్లిపోయింది.

మావ ఆ వరసని ఈ చివరనుంచి ఆ చివరకి చూశాడు.

"గీసేదాని ముఖం ఎటుందని నేనెప్పుడూ అడగలేదు. గీత తిన్నగా ఉందా అని అడిగాను. ఉంది. ఇక్కడికే" అన్నాడు. కాస్త వెనక్కి తగ్గి, గొంతు తగ్గించి, "కోడలా, ఇకనుంచి ఇలాగే నావైపు చూస్తూ గియ్యి. నువ్వు ఎదురుగా ఉంటే నాకూ కనబడతావు" అన్నాడు.

"నువ్వు చూసినా చూడకపోయినా నేను నిన్ను చూస్తూనే ఉంటాలే మావా" అంది పోలి. "భయం పోలేదు. కోపం అంతకన్నా పోలేదు."

"మరి ఏం పోయింది?"

పోలి ఒకసారి మొగవైపు చూసింది. "ఇల్లు పోయింది. పర్లేదు, తవ్వుకుంటా."

మూడో రోజు పొద్దున నల్లబండ దగ్గర ఇసుక కదిలింది. ఒక బుల్లి ముక్కు బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. నూట పదహారూ లేచాయి. బుల్లి తెడ్డుకాళ్ళతో ఇసుక తోసుకుంటూ, చెరిగిపోతున్న ఉండల గీతని దాటుకుంటూ నీళ్ళలోకి దిగాయి. తాబేలత్త ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తడిమి చూసుకుంది. ఒడ్డున పోలి కూర్చుంది, ఏ పిల్లని ఏ కెరటం దొర్లిస్తుందోనని కళ్ళప్పగించి.

ఆ తర్వాత పీతపిల్లలన్నీ పోలి దగ్గరికే నడక నేర్చుకోవడానికి వచ్చాయి. పోలి వాటికి ఒక్కటే చెప్పేది. "భయమేస్తోందా? కోపమొస్తోందా? లేవని కాళ్ళకి అబద్ధం చెప్పకండి, కాళ్ళు నమ్మవు. ముందు అటు తిరిగి చూడండి. తర్వాత నడవండి."

అప్పటినుంచే పీతలు పక్కకి నడుస్తున్నాయి. ఇవాళ పొద్దున మీరు సముద్రం ఒడ్డుకి వెళ్ళినా చూడొచ్చు. మీ అడుగు చప్పుడుకి పీత మీవైపు తిరుగుతుంది. పటకారు చేయి పైకెత్తి బెదిరిస్తుంది, అది కోపం. కాళ్ళు మాత్రం పరుగు తీస్తాయి, అది భయం. కానీ అది మీమీదికీ రాదు, మీకు వీపూ చూపించదు. కళ్ళు మీమీదే పెట్టుకుని, తన దారిన తాను పక్కకి, గీత గీసినంత తిన్నగా పోతుంది.